తిండి దగ్గర పేచీ పెట్టే చిన్న బియర్డెడ్ డ్రాగన్: తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లలు పట్టుబట్టారని బియర్డెడ్ డ్రాగన్ అనే బల్లిని తెచ్చుకున్న తెలుగు కుటుంబాలు ఇప్పుడు అమెరికాలో చాలానే ఉన్నాయి. తెచ్చిన వారం తిరక్కముందే "ఏం పెట్టినా ముట్టుకోవట్లేదండీ" అని మెసేజ్ వస్తుంది. అవే సందేహాలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి కాబట్టి అన్నీ ఒకచోట పెడుతున్నాను. ఇదంతా ఏడాది లోపు వయసున్న సెంట్రల్ బియర్డెడ్ డ్రాగన్ గురించి, అంటే పెట్ షాపుల్లో మామూలుగా దొరికే దాని గురించే. వేరే జాతి బల్లికి ఈ లెక్కలు వాడకండి. లెపర్డ్ గెకో ఆకులు తినదు, గ్రీన్ ఇగ్వానాకి పురుగులు పెట్టకూడదు. ఒక మాట మాత్రం ముందే చెప్తాను: చిన్న బియర్డీ తినట్లేదంటే చాలాసార్లు లోపం గిన్నెలో ఉండదు, పైనున్న దీపంలో ఉంటుంది.

## ఇంటికి తెచ్చిన కొత్తలో

తెచ్చి మూడు రోజులైంది, ఏమీ తినట్లేదు. చచ్చిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

ముందు దాన్ని కాస్త వదిలేయండి. కొత్త ట్యాంక్, కొత్త వాసనలు, గాజు అవతల నుంచి తొంగి చూసే పిల్లల మొహాలు, ఇన్నింటి మధ్య మొదటి వారం పది రోజులు తక్కువ తినడం మామూలే. ఆ రోజుల్లో ఎత్తుకోవద్దు, స్నానాలు వద్దు, ఫొటోల కోసం బయటికి తీయొద్దు. ట్యాంక్ మూడు వైపులా కాగితం అంటించండి, దాక్కోవడానికి ఒక చోటు ఇవ్వండి, రోజూ అదే సమయానికి కొద్ది పురుగులు వేసి పక్కకి వచ్చేయండి. చాలా బియర్డీ పిల్లలు మనిషి కనిపిస్తుంటే తినవు, గది ఖాళీ అయ్యాక తింటాయి. కళ్ళు లోపలికి పోయి, కాళ్ళు వేలాడేసి, ముట్టుకున్నా కదలకుండా ఉంటే మాత్రం వారం ఆగొద్దు, అదే రోజు డాక్టర్‌కి చూపించండి.

ఇల్లంతా హీటింగ్ ఉంది కదా, మళ్ళీ వేడి సరిపోలేదంటారేంటి?

మన ఒంటికి వేడి లోపల పుడుతుంది, దానికి బయట నుంచి రావాలి. ఆస్ట్రేలియా లోపలి భాగంలో, ఎండిన పొదలూ రాళ్ళూ ఉన్న నేల దాని పుట్టిల్లు. ఎండలో కాగిన రాయి మీద పడుకుంటేనే దాని పొట్ట పనిచేస్తుంది. వేడి చాలకపోతే తిన్నది అరగదు, అరగకపోతే ఆకలి వేయదు, మనమేమో పేచీ అనుకుంటాం.

చిన్నదానికి దీపం కింద అది పడుకునే చోటు 105 నుంచి 110 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండాలి, అంటే 40 నుంచి 43 సెల్సియస్. రెండో కొస చల్లగా, 75 నుంచి 85 ఫారెన్‌హీట్ మధ్య ఉండాలి, వేడెక్కినప్పుడు అటు పోవడానికి. గాజుకి అంటించే గుండ్రటి థర్మామీటర్‌ని నమ్మకండి, అది గాజు వేడి చెప్తుంది. టెంపరేచర్ గన్ కొని నేరుగా ఆ రాయి మీదే చూడండి.

పొద్దున లైటు వేయగానే దాని వీపు చూడండి. వేడి పీల్చుకోవడానికి ముదురు రంగులోకి మారి ఉంటుంది, ఒళ్ళు పలకలాగా పరుచుకుని ఉంటుంది. గంటలోపు రంగు తేలిక పడుతుంది, కాసేపటికి నోరు కొంచెం తెరిచి కూర్చుంటుంది. వేడి సరిపోయిందనడానికి అదే గుర్తు, తిండి పెట్టాల్సింది అప్పుడే. రోజంతా వీపు నల్లగానే ఉంటే వేడి చాలట్లేదేమో చూసుకోండి. రాత్రి లైటు ఆర్పడానికి రెండు గంటల ముందే ఆఖరి తిండి అయిపోవాలి.

యూవీబీ లైటు తప్పనిసరా? కిటికీ పక్కన పెడితే ఎండ తగులుతుంది కదా.

తప్పనిసరి. యూవీబీ అంటే ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలు, కిటికీ గాజు దాదాపు మొత్తం వాటిని ఆపేస్తుంది, పైగా గాజు ట్యాంక్‌ని ఎండలో పెడితే లోపల వేడి చేయి దాటిపోయి ప్రాణం మీదికి వస్తుంది. యూవీబీ లేకపోతే ఒంట్లో విటమిన్ డీ3 తయారు కాదు, డీ3 లేకపోతే ఎంత కాల్షియం పెట్టినా ఎముకకి చేరదు. చుట్టలా తిరిగిన చిన్న బల్బు వద్దు. ట్యాంక్ పొడవులో సగానికి పైగా వచ్చే టీ5 ట్యూబ్, 10 లేదా 12 శాతం అని రాసి ఉన్నది కొనండి. వైరు జల్లెడ మూత పైన పెడితే కొంత వెలుగు ఆ జల్లెడకే పోతుంది, వీలైతే లోపలే బిగించండి. ట్యూబ్ వెలుగుతున్నట్టే కనిపించినా లోపలి యూవీబీ తగ్గిపోతుంది కాబట్టి కంపెనీ చెప్పిన గడువుకి, ఆరు నెలలకో ఏడాదికో, మార్చేయాలి.

కింద ఇసుక వేయొచ్చా? ఎడారి జీవే కదా.

చిన్నదానికి వద్దు. పురుగు మీదికి దూకినప్పుడు నాలుకకి ఇసుక అంటుకుని లోపలికి పోతుంది, పేగుల్లో అడ్డం పడుతుంది. కాల్షియం ఇసుక అని అమ్మేది ఇంకా వద్దు. పేపర్ టవల్ చాలు, మలం ఎలా ఉందో కూడా తెలుస్తుంది.

## మొదటి నాలుగు నెలలు: పురుగుల వయసు

రోజుకి ఎన్నిసార్లు పెట్టాలి, ఎన్ని పెట్టాలి?

రోజుకి రెండు మూడుసార్లు, ప్రతిసారీ పది పదిహేను నిమిషాల్లో ఎన్ని తింటే అన్ని. లెక్క పెట్టి ఆపకండి, ఈ వయసులో అది ఎముక, కండ కట్టుకుంటోంది. టైం అయ్యాక మిగిలిన క్రికెట్లన్నీ (కీచురాళ్ళు) ఏరేయండి. రాత్రి ట్యాంక్‌లో ఉండిపోయిన క్రికెట్లు నిద్రపోతున్న పిల్లని కొరుకుతాయి, ఆ తర్వాత అది పురుగు కనిపిస్తేనే జంకుతుంది. తిండి మానేయడానికి ఇదొక పెద్ద కారణం, చాలామందికి తట్టదు.

పురుగు ఎంత సైజులో ఉండాలి?

దాని రెండు కళ్ళ మధ్య ఎంత దూరం ఉందో అంతకంటే పెద్దది వద్దు. పెద్దది మింగితే కక్కేయొచ్చు, లోపల అడ్డం పడొచ్చు, వెనక కాళ్ళు సరిగ్గా ఆడకపోవచ్చు కూడా. అనుమానం వస్తే ఒక సైజు చిన్నదే తీసుకోండి.

క్రికెట్లా, బొద్దింకలా, మీల్‌వార్మ్‌లా? షాపులో ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తున్నారు.

నా ఓటు డ్యూబియా బొద్దింకలకి. బొద్దింక అనగానే మన ఇళ్ళల్లో అమ్మలు హడలిపోతారు గానీ ఇవి వంటింటి బొద్దింకలు కావు: నున్నటి గాజు, ప్లాస్టిక్ ఎక్కలేవు, అరవవు, క్రికెట్ల అంత కంపు కొట్టవు, బాగా వేడీ తేమా ఉంటే తప్ప పిల్లలు పెట్టవు, అందుకని ఒకటి తప్పించుకున్నా ఇంట్లో కాపురం పెట్టదు. ఫ్లోరిడాలో ఉంటే డ్యూబియా పంపరు, అక్కడ డిస్కాయిడ్ బొద్దింకలు వాడతారు.

క్రికెట్లు కూడా మంచివే, గెంతుతాయి కాబట్టి బద్ధకంగా ఉన్న పిల్లకి కూడా వేటాడాలనిపిస్తుంది. బ్లాక్ సోల్జర్ ఫ్లై లార్వాలో కాల్షియం సహజంగానే ఎక్కువ, మెత్తగా ఉంటాయి, బుల్లి బియర్డీలకి బాగా పనికొస్తాయి. పట్టు పురుగులు చాలా మంచి తిండి, ధరే ఎక్కువ. హార్న్‌వార్మ్‌లలో నీరు ఎక్కువ, ఆకుపచ్చగా మెలికలు తిరుగుతుంటే ఏ పిల్లా ఊరుకోలేదు, ఆకలి మందగించినప్పుడు అవి తెప్పించండి. మీల్‌వార్మ్‌ల పెంకు గట్టిది, చిన్నదానికి అరగదు. సూపర్‌వార్మ్‌లు పెద్దయ్యాకే. వాక్స్‌వార్మ్‌లు ఉత్తి కొవ్వు, ఎప్పుడో ఒకటి.

అది ఒక్క వాక్స్‌వార్మ్‌లే తింటుంది, ఇంకేం వేసినా చూడదు. ఎలా మాన్పించాలి?

పూర్తిగా ఆపేయండి, వేరే దారి లేదు. కొవ్వు రుచి మరిగాక అవి కనిపిస్తున్నంత కాలం మిగతావి తినదు. ఒకటి రెండు రోజులు అలుగుతుంది, అలగనివ్వండి. ఆ రోజుల్లో బాగా కదిలే పురుగునే పట్టకారుతో పట్టుకుని దాని మొహం ముందు కాదు, కాస్త పక్కగా ఆడించండి. తల పక్కకి వంచి ఒక కంటితో పురుగుని చూస్తుంది, ముందుకి ఒరుగుతుంది, నాలుక కొస బయటికి వస్తుంది. అక్కడ ఆగిపోయి వెనక్కి తగ్గిందంటే ఆకలి ఉంది, పురుగు నచ్చలేదు. అసలు కన్నే తిప్పలేదంటే ఆకలే లేదు, అప్పుడు పురుగు మార్చి లాభం లేదు, దీపాలు చూసుకోవాలి.

మేం శాకాహారులం. ఇంట్లో పురుగులు తేకుండా ఆకులు, పప్పు, పన్నీరుతో పెంచొచ్చా?

పెంచలేరు. మీ ఇబ్బంది నాకు అర్థమవుతుంది, బతికున్న పురుగుల్ని డబ్బాలో తెచ్చి ఇంకో ప్రాణికి వేయడం చిన్నప్పటి నుంచి పెరిగిన పద్ధతికి విరుద్ధం, దేవుడి గది ఉన్న ఇంట్లో ఇంకా కష్టం. కానీ ఈ జీవికి మొదటి ఏడాది ఒళ్ళు పెరగాలంటే పురుగులే కావాలి, అవి లేకుండా పెంచితే కళ్ళ ముందే ఎముకలు వంకర పోతాయి. పన్నీరు, పెరుగు, పాలు దానికి అరగవు. పప్పు, అన్నం, చపాతీ దాని తిండి కాదు. ఎండబెట్టిన పురుగులు అమ్ముతారు గానీ వాటిలో నీరుండదు, కదలవు, చిన్నది పట్టించుకోదు, ఎప్పుడైనా సర్దుకోవడానికే తప్ప రోజూ పెట్టే తిండి కాదు. కొందరు పురుగుల డబ్బా గరాజ్‌లో పెట్టుకుని పిల్లలతోనే తినిపిస్తారు, వంటింట్లోకి రానివ్వరు, అది కుదురుతుంది. మనసు ఒప్పుకోకపోతే కొనకముందే పిల్లలకి కాదని చెప్పేయండి, తెచ్చాక దాన్ని పస్తు పెట్టడం కంటే అది నయం.

కాల్షియం పొడి ఎంత, ఎలా అద్దాలి?

క్రికెట్లలో, బొద్దింకల్లో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం తక్కువ. పొడి లేకుండా అవే పెడుతూ పోతే ఒళ్ళు తన ఎముకల్లోంచే కాల్షియం లాక్కుంటుంది. ఒక జిప్ కవర్లో పురుగులు వేసి, చిటికెడు పొడి చల్లి, మెల్లగా ఊపండి. ఒంటి మీద పల్చగా తెల్లటి పూత కనిపిస్తే చాలు, పిండిలో పొర్లించినట్టు అక్కర్లేదు, మరీ ఎక్కువైతే ఆ రుచికే పిల్ల మొహం తిప్పుతుంది. అద్దిన వెంటనే వేయండి, ఎందుకంటే క్రికెట్ ఊరికే ఉండదు, ముందు కాళ్ళతో మీసాలు తుడుచుకుంటూ, కాళ్ళు నాక్కుంటూ కాసేపట్లోనే ఆ పొడంతా దులిపేసుకుంటుంది.

మంచి యూవీబీ ట్యూబ్ ఉన్న ఇంట్లో ఫాస్ఫరస్, డీ3 రెండూ లేని కాల్షియం రోజుకి ఒకపూట, వారంలో ఐదు రోజులు. మిగతా రెండు రోజుల్లో డీ3, విటమిన్లు కలిసిన పొడి. విటమిన్ పొడి రోజూ వేయకండి, ఎ, డీ విటమిన్లు ఒంట్లో పేరుకుపోతే విషమే. ఇంకో సంగతి, పురుగు కడుపులో ఏముందో అదే మీ బియర్డీ కడుపులోకి పోతుంది కాబట్టి తెచ్చిన పురుగులకి ముందు రోజు నుంచీ క్యారెట్, ఆకుకూరలు పెట్టండి.

పెరట్లో మిడతలు, పురుగులు బోలెడు ఉన్నాయి. పట్టి వేయొచ్చా?

వద్దు. లాన్‌కి కొట్టిన మందు పక్కింటి నుంచైనా వచ్చి ఉంటుంది, పురుగుల్లో పరాన్నజీవులు కూడా ఉంటాయి. అన్నిటికంటే ముఖ్యం మిణుగురులు. వాటి ఒంట్లో లూసిబఫాజిన్లు అనే విషం ఉంటుంది, ఒక్క మిణుగురు చాలు బియర్డెడ్ డ్రాగన్ ప్రాణం తీయడానికి. జూన్, జూలైల్లో పిల్లలు సాయంత్రం మిణుగురులు పట్టి సీసాలో వేసుకుంటారు, ఈ సంగతి వాళ్ళకి గట్టిగా చెప్పండి. టమాటా మొక్క మీద కనిపించే హార్న్‌వార్మ్ కూడా పెట్టకూడదు, ఆ ఆకుల్లోని విషం దాని కడుపులో ఉంటుంది. షాపులో అమ్మేవి వేరే మేత మీద పెంచినవి.

## నాలుగో నెల నుంచి ఏడాది దాకా: ఆకులకి అలవాటు చేయడం

ఆకుల గిన్నె పెడితే వాసన కూడా చూడదు. ఎలా తినిపించాలి?

దీనికి ఓపిక తప్ప మందు లేదు. చిన్న వయసులో పురుగులు మూడొంతులు, ఆకులు ఒకవంతు. పెద్దయ్యాక అది తలకిందులవుతుంది. మధ్యలో ఈ ఎనిమిది నెలలూ మీరు చేయాల్సింది, తిన్నా తినకపోయినా ప్రతి పొద్దున తాజా ఆకులు పెట్టడం. పురుగులు తర్వాత, గంటా రెండు గంటలయ్యాక.

చాలామంది ఆకు పెద్దగా తుంచి పడేస్తారు. దాని నోరు చూడండి, వేలి గోరంత ముక్క కూడా దానికి పెద్దదే. సన్నగా తరగండి, ఆకుల మధ్య గుమ్మడి తురుమో బటర్‌నట్ తురుమో కలపండి. వీటికి రంగులు బాగా కనిపిస్తాయి, ఎరుపు, పసుపు చూస్తే దగ్గరికి వస్తాయి. ఒక మందార రేకు చించి పైన వేస్తే ఆ రేకు కోసం వచ్చి పక్కనున్న ఆకు కూడా నోట పెట్టుకుంటుంది. లోతు తక్కువ గిన్నెలో నాలుగు లార్వాలు ఆకుల మధ్య వేస్తే అవి కదులుతుంటే ఆకులు కదులుతాయి, కొరికినప్పుడు ఆకు కూడా లోపలికి పోతుంది. గిన్నె దీపానికి మరీ దగ్గరగా పెట్టొద్దు, గంటలో వాడిపోయి అప్పడంలా అవుతాయి.

పాలకూర, తోటకూర, గోంగూర పెట్టొచ్చా? మన ఇంట్లో రోజూ ఉండేవి అవే.

మనకి మంచివి కదా అని దానికీ పెట్టేస్తుంటారు, కానీ ఇవి రోజూ పెట్టకూడదు. పాలకూర, తోటకూర, బచ్చలి, చుక్కకూర, గోంగూర అన్నిటిలోనూ ఆక్సలేట్లు ఎక్కువ, అవి కాల్షియాన్ని పట్టేసుకుని ఒంటికి అందకుండా చేస్తాయి. మీరు కష్టపడి పొడి అద్ది తినిపించిన కాల్షియం అలా వృథా అయిపోతుంది.

రోజూ వేయడానికి కాలర్డ్ ఆకులు, టర్నిప్ ఆకులు, ఆవకూర, డాండెలియన్ ఆకులు, ఎండైవ్, వీటిలో రెండు మూడు మార్చి మార్చి. అమెరికన్ షాపుల్లో అన్నీ చవకగానే దొరుకుతాయి. మునగాకు తాజాగా దొరికితే కొంచెం కలపొచ్చు, అందులో కాల్షియం బాగా ఉంటుంది. కొత్తిమీర, సన్నగా తరిగిన పచ్చి బెండకాయ, క్యారెట్ తురుము అప్పుడప్పుడు. ముళ్ళు పూర్తిగా తీసేసిన నాగజెముడు మట్టలు మెక్సికన్ షాపుల్లో నోపాల్ పేరుతో అమ్ముతారు, చాలా మంచివి. ఐస్‌బర్గ్ లెట్యూస్‌లో నీళ్ళు తప్ప ఏమీ లేదు. ఉల్లి, వెల్లుల్లి, రూబార్బ్ వద్దు. అవకాడో అసలే వద్దు, అది విషం. తాలింపు పెట్టినవి, ఉప్పు తగిలినవి ఏవీ వద్దు.

మామిడిపండు అంటే పడి చస్తుంది. రోజూ ఓ ముక్క పెట్టనా?

వారానికి ఒకసారి, గోరంత ముక్క. తీపి ఎక్కువైతే పళ్ళు, చిగుళ్ళు పాడవుతాయి, విరేచనాలు పట్టుకుంటాయి, ఆకులు పూర్తిగా మానేస్తుంది. నిమ్మ, నారింజ జాతి వద్దు.

రెండు మూడు రోజులు పురుగులు ఆపేస్తే ఆకలికి ఆకులు తింటుందని ఎవరో చెప్పారు. నిజమేనా?

పెద్దదైతే పురుగులు తగ్గించి చూడొచ్చు. ఏడాది లోపు పిల్లకి అలా చేయకండి, పెరిగే వయసులో ఎండగడితే ఎదుగుదల ఆగుతుంది. ఆకులు నెలల తరబడి ముట్టుకోకుండా ఉండి, పెద్దయ్యాక హాయిగా తినేవి ఎన్నో ఉన్నాయి.

గిన్నెలో నీళ్ళు తాగట్లేదు. ఎలా?

కదలని నీళ్ళు చాలా బియర్డీ పిల్లలకి కంటికి ఆనవు. పొద్దున ముక్కు కొస మీద ఒక్కో చుక్క వేయండి, నాలుకతో నాకుతుంది. ఆకుల మీద నీళ్ళు చిలకరించి పెట్టండి. స్నానం చేయిస్తే చర్మంలోంచి నీరు పీల్చుకుంటుందనేది నమ్మకండి, అది నోటితో తాగితేనే. మలంతో పాటు వచ్చే తెల్లటి భాగం మెత్తగా ఉంటే నీరు సరిపోతోంది, పసుపుపచ్చగా గట్టిగా ఉంటే చాలట్లేదు.

## బాగా తినేది ఒక్కసారిగా మానేసినప్పుడు

నిన్నటి దాకా ఎగబడి తింది, ఇవాళ పక్కకి తిరిగి పడుకుంది. ఏమైంటుంది?

ముందు చర్మం చూడండి. రంగు వెలిసి బూడిద పొరలా కనిపిస్తే కుబుసం వదులుతోంది, రెండు మూడు రోజులు తిండి తగ్గిస్తుంది, ఆ పొర మీరు లాగకండి. అది కాకపోతే బల్బు మార్చారా, ఏసీ గాలి ట్యాంక్ మీదికి వస్తోందా, ఎదురుగా కొత్త కుక్కో అద్దమో వచ్చిందా చూడండి. అదే ట్యాంక్‌లో రెండో బియర్డీ ఉంటే విడదీయండి. బలమైనది రెండోదాన్ని తిననివ్వదు, వేళ్ళు, తోక కొరికేస్తుంది కూడా. చలికాలం కదా నిద్రకి పోతోందేమో అనుకుని వదిలేయొద్దు. పెద్దవి శీతాకాలంలో మగతగా పడుకుంటాయి గానీ, ఏడాది నిండని పిల్ల తిండి మానేసి పడుకుంటే అది జబ్బేనేమో చూపించుకోవాల్సిన విషయం.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్ళాలి?

వంటింటి కోసం వాడే గ్రాముల తూకం ఒకటి దీనికి విడిగా కొని వారానికోసారి బరువు రాసుకోండి. ఈ వయసులో ప్రతి వారం పెరగాలి. రెండు వారాలు వరసగా తగ్గితే వెళ్ళండి. కింది దవడ రబ్బరులా మెత్తగా ఉన్నా, కాలి వేళ్ళు వణుకుతున్నా, నడిచేటప్పుడు పొట్ట నేలకి రాసుకుంటున్నా, వెనక కాళ్ళు ఈడుస్తున్నా అపాయింట్‌మెంట్ కోసం వారం ఆగకండి, అవి ఎముకలు మెత్తబడుతున్న గుర్తులు. బాగా తింటూ కూడా బక్కగానే ఉంటే, మలం నీళ్ళలా కంపు కొడుతుంటే తాజా మలం డబ్బాలో తీసుకెళ్ళి పరీక్ష చేయించండి, కాక్సిడియా అనే పరాన్నజీవి చిన్నవాటిలో తరచుగా ఉంటుంది, మందుకి తగ్గుతుంది. కుక్కలు, పిల్లులు చూసే డాక్టర్లందరూ వీటిని చూడరు, ఫోన్ చేసినప్పుడే సరీసృపాలు చూస్తారా అని అడగండి. మీరుండే ఊళ్ళో ఎవరున్నారో ఇవాళే కనుక్కుని పెట్టుకోండి.

నోరు తెరిచి బలవంతంగా పెట్టొచ్చా?

డాక్టర్ చెప్పి, చేసి చూపిస్తే తప్ప వద్దు. దవడ విరగొచ్చు, తిండి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పైగా ఆ తర్వాత మీ చేయి చూస్తేనే పారిపోతుంది.

మా పాపకి నాలుగేళ్ళు, తనే తినిపిస్తానని ఏడుస్తోంది. పర్లేదా?

పక్కన నిలబడి చూడనివ్వండి, ముట్టుకోనివ్వకండి. ఆరోగ్యంగా కనిపించే బియర్డీ మలంలో కూడా సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండొచ్చు, ఐదేళ్ళ లోపు పిల్లలకి, వయసు మళ్ళినవాళ్ళకి అది ప్రమాదం. ట్యాంక్ సామాన్లు వంటింటి సింక్‌లో కడగొద్దు. పెద్ద పిల్లలైతే తినిపించిన వెంటనే సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

నెల రోజులు ఇండియా వెళ్తున్నాం. దీన్ని ఏం చేయాలి?

పెద్దది రెండు మూడు రోజులు గడిపేస్తుంది గానీ పిల్లని ఒక్క రోజు కూడా అలా వదలకూడదు. తెలిసినవాళ్ళ పిల్లల్లో బల్లి అంటే భయం లేనివాళ్ళు ఒకరుంటారు, వాళ్ళని వెళ్ళే ముందు వారం రోజులు ఇంటికి పిలిచి మీ ముందే తినిపించేలా చేయండి. వీలైతే ట్యాంక్ మీ ఇంట్లోనే ఉంచి తాళం ఇవ్వండి, చోటు మారితే మళ్ళీ తిండి మానేస్తుంది. దీపాలకి టైమర్ పెట్టండి. పొడులు రోజు వారీగా చిన్న డబ్బాల్లో వేసి పేరు రాయండి, పురుగులు వారానికోసారి వచ్చేలా ముందే ఆర్డర్ పెట్టండి, డాక్టర్ ఫోన్ నంబర్ ట్యాంక్ మీదే అంటించండి. రోజూ ఒక ఫొటో పంపమనండి, ప్రతి ఆదివారం తూకం మీద పెట్టి ఆ అంకె కూడా కనిపించేలా.